కాక్స్-2 యాంటీబాడీతో వెస్టర్న్ బ్లాట్ ఎలా చేయాలి: సిక్కోలు ల్యాబుల్లో పనిచేసేవాళ్ల కోసం

మన వైపు ఎం.ఫార్మసీ, బయోటెక్నాలజీ ప్రాజెక్టుల్లో చాలా వాటికి మొదలు ఒక మొక్కే. ఉద్దానం జీడిమామిడి ఆకు, పొలం గట్టు మీది వావిలి, ఇంటి ముందు పాకిన తిప్పతీగ. ఎక్స్‌ట్రాక్ట్ తీస్తారు. ఎలుక పాదానికి వాపు తెప్పించే క్యారజీనన్ ఎక్కించి, ఎక్స్‌ట్రాక్ట్ ఇస్తే వాపు తగ్గిందని గ్రాఫ్ వేస్తారు. అప్పుడు గైడ్ అడిగే ప్రశ్న ఒకటే: "బాగుంది. ఎందుకు తగ్గింది?" అక్కడ వాపు వెనక ఉండే కాక్స్-2 అనే ప్రోటీన్ పేరు వస్తుంది. అది ఎంత ఉందో చూడటానికి వెస్టర్న్ బ్లాట్ చేస్తారు, అంటే కణాల ప్రోటీన్లను జెల్‌లో సైజు వారీగా విడదీసి, మెంబ్రేన్ అనే పలుచటి పొర మీదికి మార్చి, కావాల్సినదాన్ని పట్టుకునే యాంటీబాడీతో గీతగా (బ్యాండ్‌గా) చూస్తారు. దాని వెనకే ఆ యాంటీబాడీ ఖర్చు వస్తుంది. 100 మైక్రోలీటర్ల చిన్న వయల్‌కి ముప్పై వేలు, ఒక్కోసారి అంతకు పైన. నెలల తరబడి ఎదురుచూసి కొనిపించుకున్నది వృథా అయితే కలిగే బాధ నాకు తెలుసు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఒక మాట ముందే చెప్తాను, మిగతాదంతా దాని చుట్టూనే తిరుగుతుంది. డేటాషీట్‌లో ఎంత అందమైన బొమ్మ ఉన్నా సరే, ఆ యాంటీబాడీ మీ ల్యాబులో, మీ కణాల మీద, మీ కళ్ల ముందు కాక్స్-2నే పట్టుకుంటోందని తేలేదాకా అసలు శాంపిళ్లు లోడ్ చేయకండి.

ముందు ఈ ప్రోటీన్ సంగతి

ఆస్పిరిన్ నొప్పిని ఎలా తగ్గిస్తుందో 1971లో జాన్ వేన్ చూపించారు. శరీరంలో నొప్పి, వాపుల్లో పాత్ర ఉన్న ప్రోస్టాగ్లాండిన్లు తయారు కాకుండా అది అడ్డుపడుతుంది. ఆ పరిశోధనకే 1982లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఆ ప్రోస్టాగ్లాండిన్ల తయారీని మొదలుపెట్టే ఎంజైమ్ పేరే సైక్లోఆక్సిజినేజ్, ముద్దుగా కాక్స్. అది ఒకటి కాదు రెండని 1991లో తెలిసింది. కాక్స్-1 చాలా కణాల్లో ఎప్పుడూ ఉంటుంది. కడుపు పొరను కాపాడటం, ప్లేట్‌లెట్ల పని చూడటం దాని వంతు. కాక్స్-2 మామూలుగా చాలా కణాల్లో కనిపించనంత తక్కువ. బ్యాక్టీరియా గోడ ముక్క తగిలినా, గాయమైనా గంటల్లో పుట్టుకొస్తుంది. వాపు, ఎరుపు, నొప్పి వెనక ఎక్కువగా ఉండేది ఇదే.

చిక్కంతా ఇక్కడే ఉంది. ఈ రెండిటి అమైనో ఆమ్లాల వరుస దాదాపు 60 శాతం ఒకేలా ఉంటుంది. జెల్ మీద రెండూ 70 కిలోడాల్టన్లకు (ప్రోటీన్ సైజు కొలత) కాస్త అటూ ఇటూగానే ఆగుతాయి. కాక్స్-2కి చక్కెర గొలుసులు ఎక్కువ తక్కువగా అతుక్కోవడం వల్ల 72, 74 దగ్గర జంట గీతలా కూడా కనిపించవచ్చు. అంటే 70 దగ్గర బ్యాండ్ వచ్చినంత మాత్రాన అది కాక్స్-2 అని చెప్పలేం. సైజు చూసి ఈ ఇద్దరిలో ఎవరో పోల్చుకోవడం కుదరదు. ఆ తేడా చెప్పాల్సింది యాంటీబాడీయే.

కాక్స్-2 చివరన, అంటే సీ-టెర్మినల్ వైపు, కాక్స్-1లో లేని 18 అమైనో ఆమ్లాల ముక్క ఒకటి ఉంది. మంచి యాంటీబాడీలు చాలావరకు ఆ చివరి భాగాన్ని చూపించి తయారు చేయించినవే. కొనేటప్పుడు మీరు వెతకాల్సింది అదే.

కొనే ముందు డేటాషీట్ చదవడం

ధర చూసే ముందు ఇమ్యునోజెన్ అన్న వరుస చూడండి, అంటే ఏ ప్రోటీన్ లేదా ముక్క చూపించి ఆ యాంటీబాడీ తయారు చేయించారో. సీ-టెర్మినల్ పెప్టైడ్ అని ఉంటే మంచిది. "పూర్తి ప్రోటీన్" అని ఉంటే కాక్స్-1ని కూడా పట్టుకునే అవకాశం ఎక్కువ, కాబట్టి కాక్స్-1 మీద పరీక్షించారా అని కంపెనీకి మెయిల్ పెట్టి అడగండి. జవాబు రాకపోతే ఆ యాంటీబాడీ వదిలేయండి.

తర్వాత ఏ జీవి మీద పనిచేస్తుందో చూడాలి. ఈ ప్రయోగాలకు ల్యాబులో పెంచే రా 264.7 అనే మాక్రోఫేజ్ కణాలు చిట్టెలుకవి, క్యారజీనన్ పరీక్ష చేసేది పెద్ద ఎలుక మీద. "మౌస్: టెస్టెడ్, ర్యాట్: ప్రిడిక్టెడ్" అని ఉంటే ర్యాట్ మీద ఎవరూ చేసి చూడలేదని అర్థం. మీ థీసిస్‌లో పాదం కణజాలం ఉంటే ఈ చిన్న మాట పెద్ద తలనొప్పి అవుతుంది.

హోస్ట్, అంటే యాంటీబాడీ తయారైన జంతువు, విషయంలో నా సలహా కుందేలు యాంటీబాడీ, అందులోనూ కుందేలు మోనోక్లోనల్ (ఒకే రకం యాంటీబాడీ ఉన్నది). చిట్టెలుక కణజాలం మీద చిట్టెలుక యాంటీబాడీ వేస్తే, సెకండరీ (కాక్స్-2ని పట్టుకున్న ప్రైమరీ యాంటీబాడీని పట్టుకుని చూపించే రెండో యాంటీబాడీ) వెళ్లి కణజాలంలో అప్పటికే ఉన్న ఎలుక సొంత యాంటీబాడీ ఐజీజీని కూడా పట్టుకుంటుంది. 50 దగ్గర, 25 దగ్గర మందపాటి గీతలు వస్తాయి. పాలీక్లోనల్ (పలు రకాల యాంటీబాడీల మిశ్రమం) పనికిరాదని కాదు. కాకపోతే లాట్ (తయారీ బ్యాచ్) మారితే స్వభావం మారుతుంది, రెండో ఏడాది అదే కేటలాగ్ నంబర్‌తో వచ్చిన వయల్ వేరేలా ప్రవర్తించవచ్చు. మోనోక్లోనల్‌లో ఆ భయం తక్కువ.

వెస్టర్న్‌కి పనిచేసినది కణజాలం స్లైడ్ల మీద పనిచేయాలని లేదు. జెల్‌లో ప్రోటీన్ మడతలు విప్పుకుని ఉంటుంది, ఫార్మలిన్‌లో పెట్టిన స్లైడ్‌లో బిగుసుకుని ఉంటుంది. రెండూ చేయాలనుకుంటే రెండిటికీ పరీక్షించినదే కొనండి.

బొమ్మలో 60 నుంచి 80 వరకు మాత్రమే కత్తిరించి చూపిస్తే నమ్మకండి. పై నుంచి కింది వరకు పూర్తి బ్లాట్ చూపించిన కంపెనీ వైపే మొగ్గండి.

తెప్పించుకోవడం, దాచుకోవడం

మనకు పార్సిల్ ఎక్కువగా హైదరాబాద్ నుంచో బెంగళూరు నుంచో వస్తుంది. విశాఖ దాటాక ఒక రోజు అదనం అనుకోండి. సోమవారం పంపమని అడగండి, గురువారం పంపితే శనివారం చేరి ఆదివారం ఎక్కడో మూలన పడి ఉంటుంది. నాకు జరిగింది అదే. శనివారం మధ్యాహ్నం వచ్చిన థర్మాకోల్ పెట్టెను ఆఫీసులో ఎవరో సంతకం చేసి తీసుకుని బల్ల కింద పెట్టేశారు. సోమవారం నేను తెరిచేసరికి జెల్ ప్యాకులు గోరువెచ్చగా ఉన్నాయి. మే నెల. వయల్ చేతిలో పట్టుకుని నిలబడ్డాను, కాళ్లు ఆడలేదు. పారేయలేదు. లాట్ నంబర్, తేదీ, పెట్టె ఎలా ఉందో ఫోటోతో సహా కంపెనీకి మెయిల్ పెట్టి, కింద చెప్పబోయే పరీక్ష బ్లాట్ చేశాను. బ్యాండ్ శుభ్రంగా వచ్చింది. యాంటీబాడీలు మనం అనుకున్నంత సున్నితమైనవి కావు, రెండు మూడు రోజుల వెచ్చదనాన్ని చాలావరకు తట్టుకుంటాయి. అయినా ఆ నమ్మకం పరీక్ష చేశాకే పెట్టుకోవాలి.

విజయనగరంలో ఉన్నవాళ్లు సిరిమానోత్సవం వారంలో, అందరూ సంక్రాంతి వారంలో పార్సిల్ పెట్టుకోకండి. అక్టోబర్, నవంబర్‌లో తుపాను హెచ్చరిక ఉంటే ఆర్డర్ ఆపించండి. 2018 అక్టోబర్‌లో తిత్లీ పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు. ఫ్రీజర్‌లో విలువైనవి ఉన్నవాళ్లు అలాంటి రోజులకు ముందే ఒక ఏర్పాటు చేసుకోవాలి. ఐస్ ప్యాకులు నిండుగా పేర్చిన ఫ్రీజర్, తలుపు తెరవకపోతే, ఖాళీ ఫ్రీజర్ కంటే చాలా ఎక్కువ సేపు చల్లదనం నిలుపుతుంది.

వయల్ రాగానే మూత తీయకండి. చిన్న సెంట్రిఫ్యూజ్‌లో కొన్ని సెకన్లు తిప్పండి. ప్రయాణంలో మూతకు అంటుకున్న చుక్క విలువ వేలల్లో ఉంటుంది. ఆ తర్వాత బఫర్ ఏమిటో చూడండి. 50 శాతం గ్లిసరాల్ ఉంటే −20 డిగ్రీల దగ్గర కూడా గడ్డకట్టదు. అలాంటిదాన్ని చిన్న చిన్న ట్యూబుల్లోకి పంచాల్సిన పని లేదు, వయల్ అలాగే పెట్టి, కావాల్సినప్పుడు ఐస్ మీద తీసి వాడుకోవచ్చు. గ్లిసరాల్ లేనిదైతే 10 మైక్రోలీటర్ల చొప్పున పంచి గడ్డకట్టించండి. ఒకసారి కరిగింది మళ్లీ ఫ్రీజర్‌లోకి వెళ్లకూడదు. తనంతట తాను మంచు కరిగించుకునే ఫ్రాస్ట్-ఫ్రీ ఫ్రీజర్ ఈ పనికి పనికిరాదు, అది రోజూ వేడెక్కి చల్లబడుతూ ఉంటుంది. హెచ్‌ఆర్‌పీ (వెలుగు తెప్పించి బ్యాండ్ చూపించే ఎంజైమ్) అంటించిన సెకండరీని సాధారణంగా 4 డిగ్రీల దగ్గరే ఉంచుతారు, లేబుల్ చూసి పెట్టండి.

పరీక్ష బ్లాట్: ఇక్కడ తొందరపడకండి

నా రెండు నెలలు పోయింది ఈ దశ చేయకపోవడం వల్లే. మొదటిసారి కొన్నది చవకైన పాలీక్లోనల్. బ్లాట్ చేస్తే ఏమీ వేయని కంట్రోల్ కణాల్లోనూ 70 దగ్గర మందంగా బ్యాండ్, ఎల్‌పీఎస్ (కాక్స్-2ని పుట్టించే బ్యాక్టీరియా గోడ ముక్క) వేసిన కణాల్లోనూ అంతే మందంగా బ్యాండ్. ఎల్‌పీఎస్ పాడైందన్నారు, కొత్తది కొన్నాం. కణాలు ముసలివైపోయాయన్నారు, కొత్తవి తెప్పించాం. సీరం మార్చాం. ఏం చేసినా అదే. చివరికి ఒక సీనియర్ వచ్చి, "ఒక లేన్‌లో ప్లేట్‌లెట్లు వేసి చూడండి" అన్నారు. లేన్ అంటే జెల్‌లో ఒక్కో శాంపిల్ నడిచే వరుస. ప్లేట్‌లెట్లలో కాక్స్-1 దండిగా ఉంటుంది, కాక్స్-2 దాదాపు ఉండదు. ఆ లేన్‌లో ఎక్స్‌పోజర్ పది సెకన్లు కూడా కాకుండానే నల్లటి గీత వచ్చి కూర్చుంది. మా యాంటీబాడీ రెండు నెలలుగా చూస్తున్నది కాక్స్-1ని.

కాబట్టి మీరు మొదటి రోజే ఈ లేన్లు పెట్టుకోండి. మొదటిది లాడర్, అంటే సైజు తెలిసిన ప్రోటీన్ల కొలబద్ద. రెండోది ఏమీ వేయని రా 264.7 కణాలు, ఇందులో కాక్స్-2 బ్యాండ్ రాకూడదు, వచ్చినా మసగ్గా ఉండాలి. మూడోది ఎల్‌పీఎస్ వేసినవి, ఇందులో గట్టిగా రావాలి. నాలుగోది డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ ముందే ఇచ్చి ఆపై ఎల్‌పీఎస్ వేసినవి, ఇందులో తగ్గాలి. ఐదోది ప్లేట్‌లెట్ల లైసేట్, అంటే వాటిని పగలగొట్టి తీసిన ద్రవం, ఇందులో మీ యాంటీబాడీ మౌనంగా ఉండాలి. రక్తం తీయించాలంటే ఎథిక్స్ అనుమతి, తీసే మనిషి, బయోసేఫ్టీ జాగ్రత్తలు అన్నీ కావాలి. అది కుదరకపోతే శుద్ధి చేసిన కాక్స్-1, కాక్స్-2 స్టాండర్డ్‌లు అమ్ముతారు, అవి వేయండి. మిగిలిన లేన్లలో ఎల్‌పీఎస్ లైసేట్‌నే 5, 10, 20 మైక్రోగ్రాములుగా వేయండి. ప్రోటీన్ పెరిగేకొద్దీ బ్యాండ్ కూడా మెట్లలా పెరగాలి. అలా పెరగకపోతే తర్వాత మీరు వేసే "40 శాతం తగ్గింది" అన్న లెక్కకు అర్థం ఉండదు.

చివర్లో ఇంకొక లైసేట్ లేన్ వేసి, మెంబ్రేన్ మీద ఆ స్ట్రిప్‌ని విడిగా కోసి, దానికి ప్రైమరీ లేకుండా సెకండరీ మాత్రమే పెట్టండి. అందులో ఏ గీత వచ్చినా అది సెకండరీ పుణ్యమే.

ఈ మొదటి బ్లాట్‌లో మాత్రం మెంబ్రేన్‌ని 55 దగ్గర అడ్డంగా కోయకండి. పై నుంచి కింది దాకా యాంటీబాడీ ఇంకా ఏమేం పట్టుకుంటుందో ఒక్కసారైనా చూడాలి.

కణాలు, ఎల్‌పీఎస్, ఎక్స్‌ట్రాక్ట్

రా 264.7 కణాలు పుణెలోని నేషనల్ సెంటర్ ఫర్ సెల్ సైన్స్ నుంచి తెప్పించుకోవచ్చు. ఇరవై పాసేజ్‌ల (పెరిగిన కణాలను కొత్త ఫ్లాస్కులోకి మార్చిన సార్లు) లోపే వాడండి, తర్వాత ఎల్‌పీఎస్‌కి స్పందన మందగిస్తుంది. ఆరు గుంటల ప్లేట్‌లో గుంటకు పది లక్షల కణాలు వేసి, ఒక రాత్రి అతుక్కోనివ్వండి. కణాలు కాళ్లు చాచి పొడుగ్గా ఉన్నాయంటే అప్పటికే ఏదో వాటిని రెచ్చగొట్టింది. గుండ్రంగా, మెరుస్తూ ఉన్నప్పుడే మొదలుపెట్టండి.

ఎక్స్‌ట్రాక్ట్ ఒక గంట ముందు ఇచ్చి, ఎల్‌పీఎస్ మిల్లీలీటర్‌కి 1 మైక్రోగ్రాము వేయండి. సాయంత్రం 5కి వేస్తే మర్నాడు పొద్దున 10కి తీయవచ్చు, 17 గంటలు సరిగ్గా సరిపోతాయి. ఎక్స్‌ట్రాక్ట్‌ని కరిగించే డీఎంఎస్‌ఓ 0.1 శాతం దాటనివ్వకండి. కంట్రోల్ గుంటలోనూ అంతే డీఎంఎస్‌ఓ వేయడం మరిచిపోకండి.

ఇక్కడ మూడు చోట్ల విద్యార్థులు పడిపోతుంటారు. మొదటిది, పాజిటివ్ కంట్రోల్‌గా సెలికాక్సిబ్ పెట్టడం. సెలికాక్సిబ్, ఐబుప్రోఫెన్ లాంటివి ఎంజైమ్ పనిని ఆపుతాయి. ఎంజైమ్ అక్కడే ఉంటుంది, బ్యాండ్ తగ్గాలని లేదు. మీరు బ్లాట్‌లో చూస్తున్నది ప్రోటీన్ ఎంత ఉందన్నది. దాని తయారీనే తగ్గించే డెక్సామెథాసోన్, 1 మైక్రోమోలార్ దగ్గర, మీకు సరైన తోడు. ఎంజైమ్ పని ఆగిందో లేదో తెలియాలంటే మీడియంలో ప్రోస్టాగ్లాండిన్ ఈ2 కొలవాలి, అది వేరే పరీక్ష.

రెండోది, కణాలు చచ్చిపోవడం. కణాలే సగం పోతే కాక్స్-2 తగ్గక ఏం చేస్తుంది? ఎంటీటీ పరీక్ష ముందే చేసి, 90 శాతానికి పైగా కణాలు బతికి ఉన్న మోతాదులే వాడండి.

మూడోది, ఎక్స్‌ట్రాక్ట్‌లోనే ఎండోటాక్సిన్, అంటే ఎల్‌పీఎస్, ఉండటం. ఎల్‌పీఎస్ అంటే బ్యాక్టీరియా గోడ ముక్కే కదా. ఆకు ఎండబెట్టిన చాప మీద, నీళ్లలో, గాజుసామానులో అది ఉండవచ్చు. ఆటోక్లేవ్ చేస్తే బ్యాక్టీరియా చస్తుంది కానీ ఎల్‌పీఎస్ పోదు. గాజుసామాను 250 డిగ్రీల ఓవెన్‌లో అరగంటకు పైగా కాల్చితే పోతుంది. ఎప్పుడూ "ఎక్స్‌ట్రాక్ట్ మాత్రమే, ఎల్‌పీఎస్ లేదు" అన్న గుంట ఒకటి పెట్టండి. అందులో కాక్స్-2 లేస్తే మీ ఎక్స్‌ట్రాక్ట్‌ని అనుమానించాలి.

లైసేట్ నుంచి మెంబ్రేన్ దాకా

మీడియం తీసేసి చల్లటి పీబీఎస్ అనే ఉప్పు బఫర్‌తో రెండుసార్లు కడగండి. జీడిమామిడి ఆకు లాంటి వాటిలో టానిన్లు ఎక్కువ. అవి మిగిలిపోతే ప్రోటీన్ ఎంతుందో కొలిచే బీసీఏ పరీక్షలో రాగిని క్షయకరణం చేసి ప్రోటీన్ లేకపోయినా ఊదారంగు తెప్పిస్తాయి. అప్పుడు ఆ లేన్‌లో మీరు తక్కువ ప్రోటీన్ లోడ్ చేస్తారు, కాక్స్-2 తగ్గినట్లు కనిపిస్తుంది, మొక్క మందని సంబరపడతారు. ఆ రెండు కడుగుళ్లు అంత ముఖ్యం. దాని బదులు బ్రాడ్‌ఫర్డ్ పరీక్ష వాడదామనుకుంటే, కణాలను పగలగొట్టే రిపా బఫర్‌లోని డిటర్జెంట్ దానికి పడదు.

గుంటకు 100 నుంచి 150 మైక్రోలీటర్ల రిపా బఫర్, అందులో అప్పటికప్పుడు కలిపిన ప్రోటియేజ్ ఇన్‌హిబిటర్. ఐస్ మీదే స్క్రేప్ చేసి, అరగంట ఉంచి, 4 డిగ్రీల దగ్గర 12,000 జీలో 15 నిమిషాలు తిప్పండి. ఐస్ మెషిన్ లేని ల్యాబుల్లో మేం చేసినది చెప్తాను: చేపల వాళ్లకి ఐస్ అమ్మే చోట ఒక దిమ్మ తెచ్చి, గోనెసంచిలో వేసి సుత్తితో చితక్కొట్టి థర్మాకోల్ పెట్టెలో నింపుకునేవాళ్లం. రోజంతా సరిపోయేది.

లేన్‌కి 20 నుంచి 30 మైక్రోగ్రాములు, బీటా-మెర్కాప్టోఇథనాల్ ఉన్న శాంపిల్ బఫర్‌లో 95 డిగ్రీల దగ్గర 5 నిమిషాలు. 10 శాతం జెల్. పోయకముందు, జెల్‌కి వాడే యాక్రిలమైడ్ నరాలకు హాని చేస్తుందని గుర్తు చేసుకుని గ్లవ్స్ వేసుకోండి. జెల్ నడుస్తుండగా కరెంటు పోతే కంగారుపడకండి, ఇన్వర్టర్ ఉంటే వెంటనే కలపండి. లేకపోతే ప్రోటీన్లు జెల్‌లోనే అటూ ఇటూ పాకడం మొదలుపెడతాయి. అరగంట దాటితే ఆ జెల్‌ని ప్రాక్టీస్ కింద లెక్కేసుకుని కొత్తది పోయడమే మేలు. ఒక జెల్ ఖరీదు ఒక తప్పు ఫలితం ఖరీదు కంటే తక్కువే.

పీవీడీఎఫ్ మెంబ్రేన్‌ని ముందు మెథనాల్‌లో ముంచాలి, లేకపోతే అది తడవదు. పై కుడి మూల చిన్నగా కోసి పెట్టుకోండి, తర్వాత ఏది ముందో ఏది వెనకో తెలియాలంటే అదే ఆధారం. శాండ్‌విచ్‌లో జెల్‌కి మెంబ్రేన్‌కి మధ్య గాలిబుడగ ఉంటే సరిగ్గా ఆ చోట తెల్లటి గుండ్రం మచ్చ మిగులుతుంది. గాజుగొట్టంతో మెల్లగా దొర్లించి బుడగలు బయటికి నెట్టండి. 100 వోల్టుల దగ్గర 75 నుంచి 90 నిమిషాలు, ట్యాంకు చుట్టూ ఐస్.

తీశాక పాన్సో ఎస్ వేయండి, అది మెంబ్రేన్ మీది ప్రోటీన్లన్నిటికీ అంటుకునే రంగు. ఈ దశ మానేసేవాళ్లని చాలామందిని చూశాను, నాకు మాత్రం అందరికంటే ఎక్కువ నిజం చెప్పేది ఇదే. రెండు నిమిషాల్లో మెంబ్రేన్ మీద గులాబీ రంగు నిచ్చెనలు వరుసగా లేస్తాయి. అన్ని లేన్లు ఒకే ముదురులో ఉన్నాయా, ఎక్కడైనా బుడగ మచ్చ ఉందా, ఒక లేన్ పక్కదానిలోకి ఒలికిందా, అన్నీ అక్కడే కనిపిస్తాయి. ఫోటో తీసుకుని నీళ్లతో రంగు వదిలించండి. ప్రైమరీ పోసేది ఆ తర్వాతే. ఒక లేన్ పలచగా ఉందని అక్కడే తెలిస్తే యాంటీబాడీ మిగులుతుంది.

బ్లాకింగ్, ప్రైమరీ, సెకండరీ

బ్లాకింగ్ అంటే మెంబ్రేన్ మీది ఖాళీ చోట్లకు యాంటీబాడీ అంటుకోకుండా ముందే కప్పేయడం. 0.1 శాతం ట్వీన్ అనే డిటర్జెంట్ ఉన్న టీబీఎస్‌టీ బఫర్‌లో 5 శాతం పాలపొడి, ఒక గంట. పాలపొడి అంటే కొవ్వు తీసిన స్కిమ్డ్ పొడి. కిరాణా కొట్లో టీకి కొనే డెయిరీ వైటనర్‌లో చక్కెర, కొవ్వు ఉంటాయి, అది వద్దు. అప్పటికప్పుడు కలపండి, మన ఎండకి నిన్నటి పాలు ఎలా ఉంటాయో చెప్పక్కర్లేదు.

ప్రైమరీని డేటాషీట్ చెప్పిన పలుచన దగ్గర మొదలుపెట్టండి, చాలావాటికి 1:1000. 5 మిల్లీలీటర్లలో 5 మైక్రోలీటర్లు. మెంబ్రేన్ సైజుకు సరిపోయే చిన్న డబ్బా వెతుక్కుంటే 10 మిల్లీలీటర్ల అవసరం పడదు. వయల్ రెట్టింపు రోజులు వస్తుంది. రాత్రంతా 4 డిగ్రీల దగ్గర, మెల్లగా ఊగుతూ. కరెంటు పోయే ఊళ్లో ఫ్రిజ్‌లో రాకర్ మీద నమ్మకం లేకపోతే, మెంబ్రేన్‌ని 50 మిల్లీలీటర్ల ట్యూబ్‌లో లోపలి గోడకు అంటేలా చుట్టి, ప్రోటీన్ ఉన్న ముఖం లోపలికి ఉంచి పెట్టండి. రాకర్ ఆగినా కొంత అడుగున తడి ఉంటుంది. పొద్దున వచ్చి మళ్లీ ఒక గంట తిప్పండి.

ప్రోటోకాల్‌లో "గది ఉష్ణోగ్రత" అని రాసినవాళ్ల గది 20 నుంచి 25 డిగ్రీలు. మే నెలలో ఏసీ లేని మన గది 35 దాటుతుంది. సెకండరీని ఆ వేడిలో గంట ఉంచితే బ్యాక్‌గ్రౌండ్ నల్లగా వస్తుంది. ఏసీ గదికి తీసుకెళ్లండి, లేదా సమయం 40 నిమిషాలకు తగ్గించండి. యాంటీ-ర్యాబిట్ హెచ్‌ఆర్‌పీ 1:5000 దగ్గర మొదలుపెడితే చాలు. సెకండరీలో సోడియం అజైడ్ పొరపాటున కూడా పడకూడదు, అది హెచ్‌ఆర్‌పీని చంపేస్తుంది. ప్రైమరీ తర్వాత, సెకండరీ తర్వాత, రెండుసార్లూ టీబీఎస్‌టీతో పదేసి నిమిషాలు మూడు కడుగుళ్లు. ఆకలేస్తోందని రెండుతో సరిపెట్టకండి.

బ్యాండ్ చదవడం

హెచ్‌ఆర్‌పీ తగిలితే వెలుగిచ్చే ఈసీఎల్ ద్రావణం పోసి మొదట కొద్ది సెకన్ల ఎక్స్‌పోజర్ తీసుకోండి, తర్వాత పెంచుకుంటూ వెళ్లండి. బ్యాండ్ మధ్యలో తెల్లగా, అంచులు నల్లగా ఉంటే అక్కడ యాంటీబాడీ మరీ ఎక్కువై ఈసీఎల్ అయిపోయిందని అర్థం. పలుచన పెంచండి. మెంబ్రేన్ అంతా బూడిద రంగైతే బ్లాకింగ్, కడుగుడు, సెకండరీ పలుచన, ఈ వరుసలో చూడండి. అసలు ఏమీ రాకపోతే ముందు, మీరు తీసి పెట్టుకున్న పాన్సో ఫోటో చూడండి. ప్రోటీన్ మెంబ్రేన్ మీద ఉంటే తప్పు యాంటీబాడీల వైపు, లేకపోతే ట్రాన్స్‌ఫర్ వైపు.

పరీక్ష బ్లాట్ పాసయ్యాక అసలు శాంపిళ్లకు మెంబ్రేన్‌ని 55 దగ్గర కోసి, పై ముక్కకు కాక్స్-2, కింది ముక్కకు, లోడింగ్ సమానమో కాదో చూడటానికి, 42 దగ్గర వచ్చే బీటా-యాక్టిన్ పెట్టుకోవచ్చు. యాక్టిన్ చాలా ఎక్కువ ఉంటుంది, తొందరగా సాచురేట్ అవుతుంది. అన్ని లేన్లలో నల్లటి ఇటుకల్లా సమానంగా ఉన్నాయంటే లోడింగ్ సమానమని కాదు, కెమెరా గరిష్ఠం దాటిందని. సాఫ్ట్‌వేర్‌లో సాచురేషన్ ఎర్రగా చూపిస్తుంది, అది లేని ఫైల్‌తోనే లెక్క వేయండి.

ఒకే ప్లేట్ నుంచి మూడు లేన్లు వేసి మూడుసార్లు చేశామనకూడదు. మూడు వేర్వేరు వారాల్లో కణాలు వేసి, మూడుసార్లు ఎల్‌పీఎస్ ఇచ్చి, మూడు బ్లాట్లు. గ్రాఫ్ ఆ మూడింటిది. పూర్తి బ్లాట్ల ఫైళ్లు కోయకుండా దాచుకోండి, జర్నల్ అడుగుతుంది, వైవాలో ఎగ్జామినర్ కూడా అడగవచ్చు.

వాడిన ప్రైమరీ

పలుచన చేసిన ప్రైమరీని ఒకసారి వాడి పారబోయక్కర్లేదు. మళ్లీ వాడే ఉద్దేశం ఉంటే పాలల్లో కాకుండా 5 శాతం బీఎస్‌ఏ (ఆవు సీరం ప్రోటీన్) ద్రావణంలో కలుపుకోండి, పాలు రెండో రోజుకే పులుస్తాయి. 0.02 శాతం సోడియం అజైడ్ వేసి 4 డిగ్రీల దగ్గర ఉంచితే మూడు నాలుగు సార్లు వస్తుంది. ట్యూబ్ మీద క్లోన్, లాట్ నంబర్, పలుచన, కలిపిన తేదీ, ఎన్నోసారో రాయండి. ప్రతిసారీ, పరీక్ష బ్లాట్‌లో వాడి దాచుకున్న ఎల్‌పీఎస్ లైసేట్‌నే ఒక లేన్‌లో వేయండి. మొదటి రోజు బ్యాండ్‌తో పోల్చి, అది పలచబడ్డ రోజు కొత్తగా కలుపుకోండి. పాతదాన్ని సింకులో పోయకండి. అజైడ్ లోహపు పైపుల్లో పేరుకుంటే పేలే గుణం ఉన్న లవణాలు ఏర్పడతాయి. రసాయన వ్యర్థాల సీసాలో పోసి, దాని మీద కూడా పేరు రాసి పెట్టండి.